సోర్స్ నుంచి సిస్టమ్ కట్టుకునేటప్పుడు బిల్డ్ ఆగిపోతే ఏం చేయాలి, ఏం చేయకూడదు

రాత్రి పడుకోబోయే ముందు మొదలుపెట్టిన బిల్డ్ (సోర్స్, అంటే మనుషులు రాసిన ప్రోగ్రామ్ పాఠం నుంచి, నడిచే ప్రోగ్రాములను తయారుచేసే పని) తెల్లవారి లేచి చూసేసరికి ఆగిపోయి, తెర అడుగున ‘ఎర్రర్ కోడ్ 1’ అనీ, దాని కింద ‘స్టాప్డ్’ అనీ కనిపిస్తే ఎవరి చెయ్యి అయినా ముందు కీబోర్డు మీదికే పోతుంది. అదే కమాండ్‌ను మరో నాలుగుసార్లు నడిపిస్తారు, లేదా వెతికితే దొరికిన మొదటి పరిష్కారాన్ని రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా, లాగిన్ అయి అతికించేస్తారు. అనంతపురంలో మా ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్ మీద కొన్నేళ్లుగా నేను ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను సోర్స్ నుంచే కట్టుకుంటున్నాను. ఇన్నేళ్లలో సిస్టమ్ పాడైన సందర్భాలను తలుచుకుంటే, బిల్డ్ ఎర్రర్ వల్ల పాడైనది ఒక్కటీ లేదు. ఎర్రర్ చూసి కంగారుపడి నేను చేసిన పనుల వల్ల పాడైనవే అన్నీ.

ఉదాహరణలకు ఫ్రీబీఎస్‌డీని తీసుకోవడానికి కారణం, అందులో కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం), దాని మీద నడిచే మూల ప్రోగ్రాములు, అవి పంచుకునే లైబ్రరీలు అన్నీ ఒకే సోర్స్‌లో కలిసి ఉండి, మొత్తం సిస్టమ్‌ను ఒకే పద్ధతిలో కట్టుకునే వీలుండడమే. కెర్నెల్ కాక మిగిలిన భాగాన్ని అక్కడ ‘వరల్డ్’ అంటారు. లినక్స్ కెర్నెల్ ఒక్కదాన్నే కంపైల్ చేసుకునేవారికి కూడా ఇందులో సగానికి పైగా పనికొస్తుంది. కమాండ్ల పేర్లను, ఫోల్డర్ల పేర్లను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్‌లో టైపు చేసుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

కట్టడం వేరు, ఎక్కించడం వేరు

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ‘మేక్ బిల్డ్‌వరల్డ్’, ‘మేక్ బిల్డ్‌కెర్నెల్’ అనే రెండు కమాండ్లూ యూఎస్‌ఆర్ కింద ఎస్‌ఆర్‌సీలో ఉన్న సోర్స్‌ను చదివి, తయారైన ఫైళ్లను యూఎస్‌ఆర్ కిందనే ఉన్న ‘ఆబ్జ్’ అనే ఫోల్డర్‌లో మాత్రమే రాస్తాయి. నడుస్తున్న కెర్నెల్‌ను గానీ, బిన్‌లో ఉన్న ప్రోగ్రాములను గానీ, లిబ్‌లో ఉన్న లైబ్రరీలను గానీ అవి ముట్టుకోవు. వాటిని మార్చేవి ‘ఇన్‌స్టాల్‌కెర్నెల్’, ‘ఇన్‌స్టాల్‌వరల్డ్’ అనే తర్వాతి రెండు కమాండ్లు. కాబట్టి బిల్డ్ దశలో ఎర్రర్ వచ్చిందంటే మీ యంత్రం నిన్న ఎలా ఉందో ఈరోజూ అలాగే ఉంది. దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేసినా పాత సిస్టమే లేస్తుంది. ఆ ఎర్రర్‌ను ఇవాళే తేల్చాలన్న నిర్బంధం లేదు, వారం తర్వాత తీరిగ్గా చూసినా నష్టం లేదు. ఒక్క మినహాయింపు గుర్తుంచుకోండి: ‘మేక్ కెర్నెల్’ అనే పొట్టి కమాండ్ కెర్నెల్‌ను కట్టడమే కాక ఎక్కించేస్తుంది కూడా. అలవాటయ్యే వరకు రెండు పనులనూ విడివిడి కమాండ్లతో చేసుకోవడమే మేలు.

ఇంకొంచెం జాగ్రత్త కావాలనుకునేవారు బిల్డ్‌ను రూట్‌గా కాక మామూలు యూజర్‌గానే నడపవచ్చు. ఆబ్జ్ ఫోల్డర్‌లో రాయడానికి ఆ యూజర్‌కు అనుమతి ఇస్తే చాలు. అప్పుడు కమాండ్‌లో పొరపాటు పడినా, వేరేచోట దొరికిన స్క్రిప్ట్ ఏదైనా నడిపినా, సిస్టమ్ ఫైళ్ల దాకా ఆ దెబ్బ చేరదు. రూట్ అవసరం ఇన్‌స్టాల్ దగ్గర మాత్రమే వస్తుంది.

ఈ రెండు దశల మధ్య గోడను మనమే కూల్చుకునే తీరు ఒకటి ఉంది, దాన్ని కాస్త వివరంగా చెబుతాను. బిల్డ్ గంటల తరబడి నడుస్తుంది కాబట్టి, అది అయిపోగానే ఇన్‌స్టాల్ దానంతటదే మొదలయ్యేలా రెండు కమాండ్లను ఒకే వరుసలో రాసిపెట్టి నిద్రపోవాలనిపిస్తుంది. మధ్యలో సెమీకోలన్ పెడితే మొదటిది విఫలమైనా రెండోది నడుస్తుందని చాలామందికి తెలుసు, అందుకని ‘అండ్’ గుర్తును రెండుసార్లు పెడతారు. అప్పుడు మొదటిది సఫలమైతేనే రెండోది నడవాలి. నేనూ అలాగే పెట్టాను. అయితే లాగ్ (తెర మీద వచ్చే మాటల నకలు) కూడా దాచుకోవాలన్న ఆశతో బిల్డ్ కమాండ్ వెనకాల పైప్ గుర్తు పెట్టి, వచ్చినదాన్ని తెర మీదా ఫైల్‌లోనూ రాసే ‘టీ’ అనే కమాండ్‌కు కలిపాను. పైప్‌తో కలిపిన కమాండ్లలో షెల్ (మనం కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) మామూలుగా లెక్కలోకి తీసుకునేది చివరి కమాండ్ ఫలితాన్నే. డిస్క్ నిండిపోయి బిల్డ్ మధ్యలో ఆగింది. దాని మాటలను వేరే డిస్క్‌లోని ఫైల్‌లోకి రాస్తున్న టీ మాత్రం తన పని చక్కగా ముగించి ‘అంతా బాగుంది’ అని చెప్పింది. షెల్ ఆ మాట నమ్మి ఇన్‌స్టాల్‌వరల్డ్‌ను మొదలుపెట్టింది. అది కొత్త లైబ్రరీలు కొన్నిటిని ఎక్కించి, తర్వాత కావలసిన ఫైల్ దొరక్క ఆగింది. పొద్దున లేచి చూస్తే కెర్నెల్ పాతది, లైబ్రరీలు కొన్ని కొత్తవి, ప్రోగ్రాములు కొన్ని పాతవి. ఏ కమాండ్ కొట్టినా ‘బ్యాడ్ సిస్టమ్ కాల్’ అన్న సమాధానమే వచ్చింది, ఎందుకంటే కొత్త లైబ్రరీ అడిగే పనులు పాత కెర్నెల్‌కు తెలియవు.

ఆ రోజు నన్ను ఆదుకున్నది డిస్క్‌లో అన్నిటికంటే పైనుండే స్లాష్ కిందనే ఉండే ‘రెస్క్యూ’ అనే ఫోల్డర్. అందులోని ప్రోగ్రాములు లైబ్రరీల మీద ఆధారపడకుండా స్టాటిక్‌గా కట్టినవి కాబట్టి లైబ్రరీలు కలగాపులగమైనా నడుస్తాయి. వాటితో బ్యాకప్ నుంచి పాత లైబ్రరీలను వెనక్కి తెచ్చుకున్నాను. ఇన్‌స్టాల్‌ను బిల్డ్‌తో ఒకే వరుసలో కట్టిపడేయడం ఆనాటితో మానేశాను. లాగ్ కావాలంటే ‘స్క్రిప్ట్’ అనే కమాండ్‌తో సెషన్ మొత్తాన్ని ఫైల్‌లోకి ఎక్కించుకోవచ్చు. టీ వాడక తప్పదనుకుంటే షెల్‌లో, పైప్‌లోని ఏ ఒక్క కమాండ్ విఫలమైనా విఫలమనే లెక్కేసే ‘పైప్‌ఫెయిల్’ అనే సెట్టింగ్‌ను ముందుగా ఆన్ చేసుకోవాలి.

బిల్డ్ నిజంగా పూర్తయిందా లేదా అన్నది తెర చూసి ఊహించుకోనక్కర్లేదు. వరల్డ్ పూర్తయితే ‘వరల్డ్ బిల్డ్ కంప్లీటెడ్ ఆన్’ అని తేదీ, సమయంతో సహా ఒక వరుస వస్తుంది; కెర్నెల్‌కు కూడా అలాంటిదే ఉంది. లాగ్‌లో ఆ వరుస కనిపించనంత వరకు ఇన్‌స్టాల్ అన్న మాట ఎత్తకూడదు.

లాగ్‌లో అసలు ఎర్రర్ ఎక్కడుంటుంది

తెర మీద చివరగా కనిపించే వరుస సాధారణంగా అసలు కారణం కాదు. ‘మేక్’ ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో ఫోల్డర్‌లోకి దిగుతూ పనిచేస్తుంది. అడుగున ఉన్నది విఫలమైతే దాని పైనున్నది, దాని పైనున్నది వరుసగా ‘ఎర్రర్ కోడ్ 1’ అంటూ ఆగుతాయి. ఇంటి పెద్దకు కబురు చేరేసరికి ‘ఏదో జరిగిందట’ అన్న ముక్క మాత్రమే మిగిలినట్టుంటుంది ఆ చివరి వరుస. పైగా హైఫన్ జే అనే ఆప్షన్‌తో నాలుగో ఎనిమిదో పనులను ఒకేసారి నడిపిస్తుంటాం కాబట్టి, ఒకటి విఫలమయ్యాక కూడా మిగిలినవి తమ మాటలను తెర మీద పోస్తూనే ఉంటాయి. అసలు ఎర్రర్ అలా వందల వరుసల పైకి పోతుంది.

అందుకని లాగ్‌ను కింది నుంచి కాక, మొదటి ఎర్రర్ కోసం వెతకాలి. ఇందులోనూ ఒక చిక్కుంది. ‘ఎర్రర్’ అన్న మాట ఒక్కదాన్నే వెతికితే వందలాది ఫలితాలు వస్తాయి, ఎందుకంటే సోర్స్‌లో చాలా ఫైళ్ల పేర్లలోనే ఆ మాట ఉంటుంది. ‘స్ట్రెర్రర్’ అనే ఫైల్ కంపైల్ అయిందని చెప్పే వరుస కూడా మీ వెతుకులాటలో పడుతుంది. కంపైలర్ (సోర్స్‌ను యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రామ్) చెప్పే నిజమైన ఎర్రర్‌లో ఆ మాట తర్వాత కోలన్, దాని తర్వాత ఖాళీ ఉంటాయి. ఆ మూడింటినీ కలిపి వెతికితే మొదటిసారి దొరికినదే సాధారణంగా మనకు కావలసిన చోటు. ఆ వరుసలో ఫైల్ పేరు, వరుస సంఖ్య, అక్షరం స్థానం, ఆ పైన కారణం వరుసగా ఉంటాయి. దానికి పది వరుసలు పైన, పది వరుసలు కింద కలిపి చదవండి. కోలన్‌తో ఏమీ దొరక్కపోతే ‘కిల్డ్’ అనీ, ‘సిగ్నల్’ అనీ, ‘నో స్పేస్’ అనీ వెతకండి. అప్పుడు తప్పు సోర్స్‌లో కాక యంత్రంలో ఉండే అవకాశమే ఎక్కువ.

మధ్యమధ్యలో ‘స్టేజ్’ అన్న మాటతో వచ్చే వరుసలు కూడా పనికొస్తాయి. మూడో స్టేజ్‌లో ఆగిందంటే సిస్టమ్‌ను కట్టడానికి వాడే కంపైలర్, దానికి తోడైన పరికరాలు తయారవుతుండగా ఆగిందన్నమాట. నాలుగో స్టేజ్ అయితే లైబ్రరీలు, ప్రోగ్రాముల దాకా వచ్చి ఆగింది. బిల్డ్ సమయంలో పెద్ద వాటా క్లాంగ్ కంపైలర్‌ను కట్టడానికే పోతుంది, మెమరీ ఎక్కువగా మింగేదీ అదే. అందుకని తక్కువ ర్యామ్ ఉన్న యంత్రాలు అక్కడే ఆగుతుంటాయి.

ఇంకొక మాట. ఎర్రర్ రాగానే ఆబ్జ్ ఫోల్డర్‌ను ఖాళీ చేసేయకండి. చివరికి ఖాళీ చేయవలసి రావచ్చు గానీ, కారణం తెలియకముందే తుడిచేస్తే ఆనవాళ్లూ పోతాయి. లాగ్‌ను తేదీతో సహా పేరు పెట్టి వేరేచోట దాచుకుని, ఆ తర్వాతే ఏ పనైనా చేయండి.

మళ్లీ ఒక్కసారి నడపడం ఎందుకు

అదే కమాండ్‌ను గుడ్డిగా పదేపదే నడపడం వృథా, కానీ సోర్స్‌లో ఏ మార్పూ చేయకుండా ఒక్కసారి మళ్లీ నడపడం మంచి పరీక్ష. ఈసారి హైఫన్ జే తీసేసి, ఒక్కొక్క పనినే చేయమనండి. మాటలు కలగలిసిపోకుండా క్రమంగా వస్తాయి. అదే ఫైల్ దగ్గర, అదే కారణంతో ఆగితే తప్పు సోర్స్‌లోనో మన సెట్టింగ్‌లలోనో ఉంది. ఈసారి వేరే ఫైల్ దగ్గర ఆగినా, కంపైలర్ తానే ‘సిగ్నల్ 11’ అని కూలిపోయినా, అసలు ఆగకుండా పూర్తయిపోయినా, సోర్స్‌ను అనుమానించే ముందు యంత్రం వైపు చూడాలి. సోర్స్‌లో తప్పుంటే అది సాధారణంగా రోజుకో చోటికి మారదు.

యంత్రం వైపు చూడవలసిన వాటిలో మొదటిది మెమరీ. ‘కిల్డ్’ అని వచ్చిందంటే కెర్నెల్ తనకు మెమరీ చాలక ఆ ప్రోగ్రామ్‌ను చంపేసిందన్నమాట; ‘డీమెస్‌జీ’ కమాండ్‌తో చూస్తే ఏ ప్రోగ్రామ్‌ను ఎందుకు చంపిందో కనిపిస్తుంది. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న యంత్రం మీద ప్రాసెసర్‌కు ఎనిమిది థ్రెడ్లు ఉన్నాయి కదా అని జే పక్కన 8 పెడితే ఇలాగే అవుతుంది. ఒక్కో పనికి రెండు జీబీ చొప్పున లెక్కేసి, ర్యామ్‌ను బట్టి సంఖ్య పెట్టుకోవడం నా పద్ధతి. ఇది గ్రంథాల్లో ఉన్న సూత్రం కాదు, నా యంత్రం మీద కుదిరిన లెక్క. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ భాగం, అంటే స్వాప్, కూడా కొంత ఉండాలి. ర్యామ్ చిప్ చెడిపోయిందన్న అనుమానం ఉంటే ‘మెమ్‌టెస్ట్86 ప్లస్’ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి ఒక రాత్రంతా నడవనివ్వండి. అందులో ఒక్క తప్పు కనిపించినా ఆ ర్యామ్‌తో సిస్టమ్‌ను కట్టకూడదు. బిల్డ్ ఎలాగోలా పూర్తయినా, లోపల ఏ ఫైల్‌లో ఏ బిట్ తారుమారైందో ఎవరూ చెప్పలేరు.

రెండోది వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మా సీమలో మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు ప్రాసెసర్‌ను నూటికి నూరు శాతం గంటల తరబడి నడపడం ఏ రకంగానూ తెలివైన పని కాదు. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ‘కోర్‌టెంప్’, ఏఎమ్‌డీ అయితే ‘ఏఎమ్‌డీటెంప్’ అనే మాడ్యూల్‌ను లోడ్ చేసుకుంటే ‘సిస్‌సీటీఎల్’ కమాండ్ ఒక్కో కోర్ ఎంత వేడిగా ఉందో చూపిస్తుంది. మామూలుగా వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తగ్గించుకుంటుంది గానీ తప్పు చేయదు. కానీ ఏళ్ల తరబడి ఎర్రదుమ్ము మేసిన ఫ్యాన్, ఎండిపోయిన థర్మల్ పేస్టు, ముసలిదైన పవర్ సప్లై ఉన్న పెట్టెలో యంత్రం ఉన్నట్టుండి ఆగిపోవడమో, కంపైలర్ కారణం లేకుండా కూలడమో జరుగుతుంది. ఎండాకాలంలో నేను బిల్డ్‌ను రాత్రి పదికి మొదలుపెడతాను. పెట్టె మూత తీసి దుమ్ము ఊదించడం అంతకంటే ముందు చేస్తాను.

కరెంటు పోతే వచ్చే చిక్కు ఇంతకంటే సూక్ష్మమైనది. ఇన్వర్టర్ ఉన్నా, అది మారే క్షణంలో కొన్ని కంప్యూటర్లు రీస్టార్ట్ అవుతాయి. ఆ క్షణంలో రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైల్ (ఒక్కో సోర్స్ ఫైల్ నుంచి కంపైలర్ తయారుచేసేది) సగంలో ఆగుతుంది. మళ్లీ బిల్డ్ మొదలుపెడితే మేక్ ఆ ఫైల్ లోపల ఏముందో చూడదు. అది సోర్స్ ఫైల్ కంటే కొత్తదా కాదా అన్నదే చూస్తుంది. కొత్తదే కాబట్టి ‘దీని పని అయిపోయింది’ అనుకుని ముందుకు పోతుంది, చివరికి ఆ ఫైళ్లన్నిటినీ కలిపి లింక్ చేసే దశలో అర్థంకాని ఎర్రర్‌తో ఆగుతుంది. కరెంటు పోయి మధ్యలో తెగిన బిల్డ్‌ను అక్కడినుంచే కొనసాగించకుండా ఆబ్జ్‌ను ఖాళీ చేసి మొదటి నుంచి నడపడమే క్షేమం. సమయం పోతుంది, పోనివ్వండి.

ఈ కరెంటు కోతకు గడియారంతో కూడా సంబంధం ఉంది, అది నాకు రెండు రోజులు తలనొప్పి తెచ్చింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ‘సీఆర్2032’ బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది ఖాళీ అయినా ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు గడియారం బాగానే నడుస్తుంది. కరెంటు పూర్తిగా పోయి వస్తే మాత్రం తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అలా తేదీ వెనక్కిపోయిన యంత్రం మీద, నేను గమనించకుండా ‘గిట్ పుల్’ చేసి కొత్త సోర్స్‌ను దించుకున్నాను. కొత్తగా వచ్చిన సోర్స్ ఫైళ్లన్నిటి మీద ఆ పాత తేదీ పడింది. ఆబ్జ్‌లో ఉన్న గత నెల ఫైళ్లు మేక్ కంటికి వాటికంటే కొత్తవిగా కనిపించాయి, దాంతో మారిన సోర్స్‌ను అది కంపైల్ చేయనే లేదు. పాత ఆబ్జెక్టులూ కొత్త ఆబ్జెక్టులూ కలిసి, ఉన్న ఫంక్షన్‌నే ‘లేదు’ అంటూ లింకర్ మొండికేసింది. సోర్స్‌లో చూస్తే ఆ ఫంక్షన్ కళ్లముందే ఉంది. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసి, ఆబ్జ్ ఖాళీ చేశాక ఏ మార్పూ లేకుండా అదే సోర్స్ పూర్తిగా బిల్డ్ అయింది. ఇప్పుడు బిల్డ్ మొదలుపెట్టే ప్రతిసారీ ముందు ‘డేట్’ కమాండ్ కొట్టి చూసుకుంటాను, ఆ వెంటనే ‘డీఎఫ్’తో డిస్క్‌లో ఖాళీ చూసుకుంటాను. ఆబ్జ్ ఉన్న డిస్క్‌లో పది జీబీకి తక్కువుంటే మొదలే పెట్టను.

ఎప్పుడూ అదే చోట ఆగుతుంటే

అప్పుడు యంత్రాన్ని వదిలి, మన చేతులనే అనుమానించాలి. ఈటీసీలో ఉండే ‘మేక్ డాట్ కాన్ఫ్’, ‘ఎస్‌ఆర్‌సీ డాట్ కాన్ఫ్’ అనే రెండు ఫైళ్లలో ఎప్పుడో వేగం కోసం పెట్టుకున్న కంపైలర్ ఆప్షన్లు, వద్దనుకుని తీసేసిన భాగాలు మిగిలిపోయి ఉంటాయి. ఆ రెండిటినీ పేరు మార్చి పక్కన పెట్టి బిల్డ్ చేయండి. పూర్తయితే వాటిలోని వరుసలను ఒక్కొక్కటిగా వెనక్కి చేర్చి దోషిని పట్టుకోవచ్చు. సోర్స్ ఫోల్డర్‌లో ‘గిట్ స్టేటస్’ కొడితే మీరు మార్చి మరిచిపోయిన ఫైళ్లు ఉంటే బయటపడతాయి. బిల్డ్ నడుస్తుండగా ఇంకో టెర్మినల్‌లో గిట్ పుల్ చేసే అలవాటుంటే మానుకోండి; సగం పాత సోర్స్‌తో, సగం కొత్త సోర్స్‌తో తయారైనది ఏ వెర్షనూ కాదు.

సోర్స్ ఫోల్డర్‌లోనే ‘అప్‌డేటింగ్’ అనే ఫైల్ ఉంటుంది. ఫలానా తేదీ తర్వాత ఫలానా మార్పు జరిగింది, దాన్ని దాటేవారు ముందుగా ఈ పని చేయాలి అని అందులో తేదీల వారీగా రాసి ఉంటుంది. కొత్తవి పైన, పాతవి కింద ఉంటాయి. మీరు చివరిగా కట్టిన తేదీ వరకు దాన్ని చదవడానికి పది నిమిషాలు పడుతుంది, నేను చూసిన ఎర్రర్లలో చాలావాటికి జవాబు అందులోనే ఉంది. వెతికితే దొరికే పాత సలహాల కంటే ఇది ఎన్నో రెట్లు నయం. ఫ్రీబీఎస్‌డీ సోర్స్‌లో మార్పులను నమోదుచేసే వ్యవస్థ 2020 డిసెంబరులో సబ్‌వర్షన్ నుంచి గిట్‌కు మారింది; 2014లో వచ్చిన 10.0 వెర్షన్ నుంచి జీసీసీ స్థానంలో క్లాంగ్ ప్రధాన కంపైలర్ అయింది. అంతకు ముందు రాసిన సలహాను ఇవాళ అలాగే అతికిస్తే ఉన్న సమస్యకు ఇంకొకటి తోడవుతుంది.

‘మెయిన్’ అనే అభివృద్ధి శాఖను వాడుతుంటే తప్పు నిజంగానే సోర్స్‌లో ఉండవచ్చు. అది రోజూ మారే శాఖ, ఒక్కోసారి ఉదయం తెగి సాయంత్రానికి అతుక్కుంటుంది. ఒక పూట ఆగి మళ్లీ పుల్ చేసి చూడటం అక్కడ చేతగానితనం కాదు. ఇల్లు గడవడానికి వాడే యంత్రం మీదైతే విడుదలైన వెర్షన్ శాఖనే కట్టుకోవాలని నా అభిప్రాయం.

ఇక అడ్డదారులు. మేక్‌కు హైఫన్ కే ఇస్తే ఒక చోట విఫలమైనా దానితో సంబంధం లేని మిగతా పనులు చేసుకుంటూ పోతుంది. ఎన్నిచోట్ల ఎర్రర్ ఉందో తెలుసుకోవడానికి దాన్ని వాడవచ్చు. హైఫన్ ఐ ఇస్తే ఎర్రర్లను లెక్కే చేయదు. దాన్ని సిస్టమ్ బిల్డ్‌లో ఎందుకూ వాడకూడదు. ఈ రెండిట్లో దేనితో పూర్తయిన బిల్డ్‌నైనా ఇన్‌స్టాల్ చేయకండి. ఎర్రర్ ఇస్తున్న ఫోల్డర్‌ను మేక్‌ఫైల్‌లోంచి తీసేయడం, స్నేహితుడి యంత్రం నుంచి ఆబ్జెక్ట్ ఫైల్ తెచ్చి పెట్టడం కూడా ఇలాంటివే. హెచ్చరికలను ఎర్రర్లుగా చూసే సెట్టింగ్‌ను ఆపేయమనే సలహా తరచుగా వినిపిస్తుంది. ఆ హెచ్చరిక ఏమిటో చదివి, వాడని వేరియబుల్ లాంటి చిన్న విషయమేనని నిర్ధారించుకుంటే తప్పులేదు. కెర్నెల్‌లో టైపు సరిపోలడం లేదనో, హద్దు దాటి చదువుతోందనో చెబుతుంటే మాత్రం దాని నోరు మూయించకూడదు.

ఆబ్జ్‌ను ఖాళీ చేసే దగ్గర చిన్న జాగ్రత్త. రూట్‌గా ఉండి ‘ఆర్‌ఎమ్’ను హైఫన్ ఆర్‌ఎఫ్‌తో కొట్టేటప్పుడు యూఎస్‌ఆర్ తర్వాత పొరపాటున ఒక ఖాళీ పడితే అది ఆబ్జ్‌ను కాదు, మొత్తం యూఎస్‌ఆర్‌ను తుడవమని అడిగినట్టవుతుంది. నేనైతే ముందు ఆ ఫోల్డర్‌కు ‘ఆబ్జ్ డాట్ పాత’ లాంటి పేరు పెట్టి పక్కకు జరుపుతాను. కొత్త బిల్డ్ బాగా పూర్తయ్యాక, నిద్రమత్తు లేని వేళ చూసి తీసేస్తాను.

బిల్డ్ పూర్తయింది, ఎక్కించే ముందు

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద ఉన్న యంత్రం అయితే ‘బీఈసీటీఎల్ క్రియేట్’ అని కొట్టి ఇప్పుడున్న సిస్టమ్‌కు ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ (తిరిగి బూట్ చేయగల నకలు) తీసుకోండి. రెండు సెకన్ల పని. ఏం జరిగినా బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకుని వెనక్కి రావచ్చు. యూఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ వాడేవారికి ఆ వసతి లేదు కాబట్టి ‘డంప్’తోనో, ఇంకో డిస్క్ మీదికి కాపీతోనో బ్యాకప్ తప్పదు.

కెర్నెల్‌ను ఎక్కించినప్పుడు పాత కెర్నెల్ ‘కెర్నెల్ డాట్ ఓల్డ్’ అనే పేరుతో మిగులుతుంది; కొత్తది లేవకపోతే, యంత్రం ఆన్ కాగానే కెర్నెల్‌ను లేపే లోడర్ దగ్గర దాన్ని బూట్ చేయమని చెప్పవచ్చు. ఇది చాలామందికి తెలుసు, తెలియనిది ఏమిటంటే, చెడిన కెర్నెల్‌ను సరిచేసి రెండోసారి ఇన్‌స్టాల్ చేస్తే ఈసారి ‘ఓల్డ్’ అయ్యేది ఆ చెడిన కెర్నెలే కావచ్చు. అప్పుడు మంచిది మాయమవుతుంది. అందుకని నమ్మకంగా నడుస్తున్న కెర్నెల్ ఫోల్డర్‌ను బూట్ కింద ‘కెర్నెల్ డాట్ గుడ్’ అని ఇంకో పేరుతో కాపీ చేసి ఉంచుకోండి.

వరుస ఇది: ముందు కెర్నెల్ ఎక్కించాలి, రీబూట్ చేసి, రూట్ ఒక్కరే వాడే సింగిల్ యూజర్ మోడ్‌లో అది లేస్తుందో లేదో చూడాలి, ఆ తర్వాతే వరల్డ్. కొత్త కెర్నెల్ మీద పాత ప్రోగ్రాములు నడుస్తాయి, కానీ పాత కెర్నెల్ మీద కొత్త ప్రోగ్రాములు నడుస్తాయన్న హామీ లేదు. నా కథలో జరిగింది అదే. సింగిల్ యూజర్ మోడ్‌లో డిస్క్‌లను రాయడానికి వీలుగా మౌంట్ చేసుకున్నాక, అదే యంత్రంలో విండోస్ కూడా ఉండి గడియారం స్థానిక సమయంలో ఉన్నవారు ‘అడ్జ్‌కెర్న్‌టీజెడ్ హైఫన్ ఐ’ అని కొట్టాలి. లేకపోతే మన సమయం ఐదున్నర గంటలు ముందుకు కనిపిస్తుంది, పైన చెప్పిన తేదీల గందరగోళం చిన్న రూపంలో మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత, ఈటీసీలోని సెట్టింగ్ ఫైళ్లను కొత్త వెర్షన్‌కు తగ్గట్టు మార్చే ‘ఈటీసీఅప్‌డేట్ హైఫన్ పీ’, దాని వెనక ఇన్‌స్టాల్‌వరల్డ్, చివరగా మళ్లీ ఈటీసీఅప్‌డేట్. ఇన్‌స్టాల్‌వరల్డ్ మధ్యలో ఆగితే మాత్రం రీబూట్ చేయకండి, టెర్మినల్ మూయకండి. బిల్డ్ దశలో ఉన్న తీరిక ఇక్కడ లేదు. కారణం తరచుగా చిన్నదే: టెంప్ ఫోల్డర్‌ను ప్రోగ్రాములు నడపనివ్వని ‘నోఎగ్జెక్’ ఆప్షన్‌తో మౌంట్ చేసి ఉండటం, డిస్క్ నిండటం, లేదా సెక్యూర్‌లెవెల్ (కెర్నెల్ భద్రతా స్థాయి) పెంచి ఉండటం వల్ల కొన్ని ఫైళ్లను మార్చనివ్వకపోవడం. దాన్ని సరిచేసి అదే ఇన్‌స్టాల్‌వరల్డ్‌ను మొదటి నుంచి మళ్లీ నడపవచ్చు. ఎక్కినవాటి మీదే మళ్లీ ఎక్కిస్తుంది, దానివల్ల హాని లేదు. మామూలు కమాండ్లు పనిచేయడం మానేస్తే రెస్క్యూ ఫోల్డర్ ఉండనే ఉంది.

ఈటీసీఅప్‌డేట్ మీ సెట్టింగ్ ఫైళ్లలో పాతదీ కొత్తదీ కలవని చోట ‘కాన్‌ఫ్లిక్ట్’ అంటుంది. ‘రిజాల్వ్’ చెప్పి ఒక్కొక్కటిగా తేల్చేటప్పుడు, ఎడమవైపు బాణం గుర్తులు ఏడు వరుసగా ఉన్న గీతలు ఫైల్‌లో మిగిలిపోకుండా చూసుకోండి. పాస్‌వర్డ్ల ఫైల్‌లో గానీ, గ్రూపుల ఫైల్‌లో గానీ అవి మిగిలితే రీబూట్ తర్వాత మీ సిస్టమ్‌లోకి మీకే ప్రవేశం ఉండకపోవచ్చు.

రీబూట్ అయి, నెట్‌వర్క్, లాగిన్, మీరు రోజూ వాడే ప్రోగ్రాములు సరిగా ఉన్నాయని చూసుకున్నాకే, అక్కర్లేని పాత ఫైళ్లను తీసేసే ‘డిలీట్ ఓల్డ్’ నడపండి. ‘డిలీట్ ఓల్డ్ లిబ్స్’ను మాత్రం ఇంకా ఆపండి. మీరు విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న ప్యాకేజీలు కొన్ని ఆ పాత లైబ్రరీల మీదే ఆధారపడి ఉంటాయి. వాటిని కొత్త సిస్టమ్‌కు తగినట్టు మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నాక, ముందు తీసిన బూట్ ఎన్విరాన్‌మెంట్‌ను ఇంకో వారం అలాగే ఉంచి, అప్పుడు ఆ లైబ్రరీలను తీసేయవచ్చు.